ముందు చక్రాల చప్పుడు: రవాణా కమిషనర్ గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రవాణా కమిషనర్ గారికి,

అనంతపురం నుంచి కదిరి వైపు సాగే 42వ నంబరు జాతీయ రహదారి, ధర్మవరం నుంచి తాడిమర్రికి పోయే దారి కలిసే కూడలి చుట్టూ పెరిగిన మండల కేంద్రం బత్తలపల్లె. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడేదాకా అనంతపురం జిల్లాలో ఉండిన ఈ ఊరి మీదుగా చీనీకాయల లోడుతో మినీ లారీలు, టమోటా పెట్టెలతో పికప్ బండ్లు, కలుపుతీతకూ కాయకోతకూ కూలీలను చేరవేసే ఆటోలు రోజంతా తిరుగుతుంటాయి. ఫాదర్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో ప్రారంభించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, అంటే జనం నోట ఆర్డీటీ, ఇక్కడ నడుపుతున్న పెద్దాసుపత్రికి చుట్టుపక్కల మండలాల నుంచి రోగులను తెచ్చే జీపులు, అంబులెన్సులు వీటికి తోడు. ఈ బండ్లకు దీపాలు వెలుగుతున్నాయా, బీమా ఉందా, పొగ హద్దుల్లో ఉందా అని చూడడానికి ఏర్పాట్లున్నాయి. బండి ముందు భాగం నుంచి ఏ చప్పుడు, ఏ సందర్భంలో వస్తున్నదో చెవిపెట్టి వినడం కూడా ఆ తనిఖీలో ఒక పనిగా నిలవాలని, అందుకు పెద్ద యంత్రాలేవీ అక్కరలేదని తమ దృష్టికి తేవడం ఈ లేఖ ఉద్దేశం.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 56వ సెక్షను ప్రకారం యోగ్యతా పత్రం, అంటే వాడుకలో ఎఫ్‌సీ, లేని రవాణా వాహనం రోడ్డెక్కడానికి వీల్లేదు; 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 62వ నిబంధన ఆ పత్రాన్ని ఎనిమిదేళ్లలోపు వాహనానికి రెండేళ్లకొకసారి, ఆ వయసు దాటినదానికి ఏటా పునరుద్ధరించుకోవాలని నిర్దేశిస్తుంది. హెడ్‌లైట్లు, రిఫ్లెక్టర్లు, హారన్, వైపర్, పొగ, బ్రేకులు, స్టీరింగు మొదలైనవన్నీ పరీక్షించవలసినవాటిలో ఉన్నాయి. వీటిని చూసే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరును పల్లె జనం నేటికీ 'బ్రేక్ ఇన్‌స్పెక్టర్' అనే పిలుస్తారు. పరీక్షలో దేనికి పెద్దపీట పడిందో ఆ పేరే చెబుతుంది. బ్రేకుకు పెద్దపీట వేయడం సబబే గాని, బ్రేకు పట్టుకునేది చక్రాన్ని, ఆ చక్రాన్ని బండికి పట్టి ఉంచేవి మరికొన్ని కీళ్లు అన్న సంగతి మరుగున పడరాదు. పైగా ఎఫ్‌సీకి తీసుకువెళ్లే ముందు బండిని కడిగించి, చాసిస్‌కు నల్ల రంగు కొట్టించడం ఆనవాయితీ గనుక, పగిలిన రబ్బరూ కారిన గ్రీజూ ఆ రంగు కింద దాగిపోయి, ఆ రోజుకు నోరున్నది చప్పుడు ఒక్కదానికే మిగులుతుంది.

చక్రానికీ బండి చట్రానికీ నడుమ నిలిచి, గుంటల దెబ్బను మింగుతూ చక్రాన్ని నేలకు అంటిపెట్టి ఉంచే అమరికను సస్పెన్షన్ అంటారు. అందులో స్ప్రింగు బరువును మోస్తూ దెబ్బకు కుంగి లేస్తుంది. షాక్ అబ్జార్బరు తన లోపలి నూనెను సన్నని రంధ్రాల గుండా నెట్టడం ద్వారా ఆ ఊగిసలాటను అణచివేస్తుంది. చక్రం పైకీ కిందికీ కదులుతున్నా ముందుకూ వెనక్కూ జరగకుండా లోయర్ ఆర్మ్ అనే ఇనుప చేయి పట్టుకుంటుంది. ఆ చేయి చట్రానికి తగిలే చోట బుష్షు, అంటే రెండు ఇనుప గొట్టాల నడుమ అతికించిన రబ్బరు దిమ్మ, ఉంటుంది; చక్రం వైపు బాల్ జాయింటు, అంటే గిన్నెలాంటి గూట్లో గుండు తిరిగే కీలు, ఉంటుంది. స్టీరింగు కదలికను చక్రానికి అందించే కడ్డీ కొసన ఉన్న ఇలాంటి కీలునే టై రాడ్ ఎండ్ అంటారు. మలుపుల్లో బండి ఒక పక్కకు ఒరగకుండా ఎడమ కుడి చక్రాల అమరికలను కలుపుతూ అడ్డంగా సాగే కమ్మీ స్టెబిలైజర్ బార్, దానిని రెండు కొసలా తగిలించే జానెడు కడ్డీలు లింక్ రాడ్లు. నేటి కార్లలో స్ప్రింగు, షాక్ అబ్జార్బరు ఒకే నిలువు కంబంగా కలిసి ఉంటాయి. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు పేరుతో పిలిచే ఈ ఏర్పాటు 1950ల తొలినాళ్లలో ఇంగ్లండు ఫోర్డు కార్లతో వ్యాప్తిలోకి వచ్చి, 1983 చివర మారుతి 800తో మన ఊళ్లలో పరిచయమైంది. లారీలకూ పాత తరహా సరుకు బండ్లకూ మాత్రం అడ్డంగా ఒకే దూలం లాంటి యాక్సిలు, దాని మీద పట్టీ మీద పట్టీగా పేర్చిన కమాన్ కట్టలు ఉంటాయి.

ఈ కీళ్లన్నిటికీ అనంతపురం పీఠభూమి గట్టి పరీక్ష పెడుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు వానతో గడిపే ఈ నేల మీద బురద కంటే దుమ్ముతోనే ఎక్కువ చిక్కు. బాల్ జాయింటునూ టై రాడ్ ఎండ్‌నూ కప్పి ఉంచే చిన్న రబ్బరు టోపీ ఒక చోట చిట్లితే చాలు, లోపలి గ్రీజుకు ఎర్రమట్టి దుమ్ము అంటుకుని, జారుడు కోసం పెట్టిన పదార్థమే ఆకురాయి పొడిలా మారి గుండునూ గిన్నెనూ అరగదీస్తుంది. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండ రబ్బరు బుష్షులను బిరుసెక్కించి నెర్రెలు బారేలా చేస్తుంది. తారు రోడ్డు నుంచి తోటలోకి దిగే బండిబాటలో కంకర రాళ్లు, గుంటలు తప్పవు. ఆ బాటలోనే బండి నిండా లోడుతో తిరిగి పైకెక్కుతుంది. డ్రైవరు కాక ముగ్గురికి అనుమతి ఉన్న ఆటోలో కాయకోత రోజుల్లో ఎందరు ఎక్కుతారో తమ శాఖకు చెప్పనక్కరలేదు. ఒంటి ముందు చక్రం మీద నిలిచే ఆ బండికి అది ప్రయాణికుల లెక్కే కాదు, బేరింగుల లెక్క కూడా.

చప్పుడును బట్టి లోపాన్ని పట్టుకోవడంలో అందరూ చేసే పొరపాటు, అది ఎలా ఉందన్నదాని మీదనే దృష్టి నిలపడం. ఒకరికి టకటకగా వినిపించేది మరొకరికి లొటలొటగా వినిపిస్తుంది. పైగా ఇనుప రేకు గుండా పాకే చప్పుడు ఎడమ చక్రం దగ్గర పుట్టి కుడి పక్క కూర్చున్నవారి పాదాల కింద మోగగలదు. అందువల్ల చప్పుడు తీరు కంటే అది వచ్చే సందర్భం నమ్మదగిన సాక్ష్యం. బండి నిలిచి ఉన్నప్పుడా, నెమ్మదిగా గుంటలో దిగినప్పుడా, వేగం పెరిగే కొద్దీనా, స్టీరింగు తిప్పినప్పుడా, బ్రేకు తొక్కినప్పుడా అన్న ప్రశ్నలకు జవాబు దొరికితే అనుమానితుల సంఖ్య సగానికి పైగా తగ్గిపోతుంది.

దీనికి స్పీడ్ బ్రేకరు మంచి ఉదాహరణ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండి, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటేవారికి ఇబ్బంది కలిగించకూడదు. ఊళ్లలో కనిపించే గట్లకు ఈ కొలతలతో ఎంత చుట్టరికం ఉందో అందరికీ తెలిసిందే. రోడ్డుకు అడ్డంగా నిండా వేసిన ఇలాంటి గట్టును ఎదురుగా ఎక్కినప్పుడు రెండు ముందు చక్రాలూ ఒకేసారి లేచి ఒకేసారి దిగుతాయి. రెండు పక్కలా సమానంగా లేవడం వల్ల స్టెబిలైజర్ బార్ మెలిపడదు, లింక్ రాడ్ల మీద దాదాపు ఏ ఒత్తిడీ పడదు. అదే బండి ఒక చక్రం మాత్రమే గుంటలో పడేలా, నడక వేగంతో, తోటదారిలో సాగినప్పుడు బార్ ఒక పక్కకు మెలిపడి లింక్ రాడ్ కీలులోని వదులును అటూ ఇటూ కొట్టిస్తుంది. కాబట్టి స్పీడ్ బ్రేకరు మీద మూగగా ఉండి, చిన్న చిన్న గుంటల్లో వరసగా టకటకమనే బండిలో మొదట చూడవలసింది లింక్ రాడ్. చక్రాలు నేల మీద ఉండగానే బండి కిందికి చేయి పోనిచ్చి ఆ కడ్డీని గట్టిగా ఊపితే వదులు చేతికి తెలుస్తుంది. కీలు టోపీ చిరిగి, దాని అంచున తుప్పు రంగు పొడి పేరుకుని ఉంటే కంటికీ తెలుస్తుంది. అనుమానం తీరకపోతే ఒక పక్క లింకును విప్పి బార్ కొసను తాడుతో కట్టి, ఖాళీ బాటలో నెమ్మదిగా నూరు గజాలు నడిపితే, చప్పుడు ఆగిందా లేదా అన్నదే తీర్పు.

అందుకు భిన్నంగా, స్పీడ్ బ్రేకరు దిగిన క్షణంలో ఒకే ఒక్క బరువైన 'దబ్' మోతతో బండి అదిరితే, అది షాక్ అబ్జార్బరు చచ్చుపడి స్ప్రింగు అడుగంటా కుంగుతున్నదానికి గుర్తు కావచ్చు. బానెట్టు మూలను బలంగా నొక్కి వదిలినప్పుడు బండి ఒకసారి పైకి లేచి కుదురుకోవలసింది పోయి రెండు మూడు సార్లు ఊగితే ఆ అనుమానం బలపడుతుంది. షాక్ ఒంటి మీద నూనె కారి దుమ్ము మందంగా అట్టకట్టి ఉంటే ఇక సందేహం మిగలదు. టైరు పట్టీ మీద అరచేతితో చుట్టూ తడిమితే అలలాగా ఎత్తుపల్లాలు తగలడం కూడా చక్రం నేలను వదిలి గంతులేస్తున్నదానికి ఆనవాలే. బ్రేకు తొక్కగానే ఒకసారి, వదిలి ముందుకు కదలగానే మరోసారి 'ఠక్' మనే చప్పుడు మాత్రం లోయర్ ఆర్మ్ బుష్షు చిరిగిపోయి, చేయి మొత్తం ముందుకూ వెనక్కూ జరుగుతున్నదని చెబుతుంది. ఇలాంటి బండి బ్రేకు వేసినప్పుడు ఒక పక్కకు లాగడం కూడా ఉంటుంది. బండి నిలిపి ఉంచి స్టీరింగును ఒక కొస నుంచి మరో కొసకు తిప్పుతున్నప్పుడు స్ప్రింగు బిగుసుకుని 'టుంగ్' మని విడివడితే, కంబం పైకొసన ఉండే మౌంటింగు బేరింగు పట్టేసిందన్నమాట. ఒకరు స్టీరింగు తిప్పుతుండగా మరొకరు స్ప్రింగు మీద అరచేయి ఆనించి ఉంచితే ఆ కుదుపు చేతిలోకే వస్తుంది.

చక్రం బేరింగు సంగతి వేరు. అది గుంటలను పట్టించుకోదు; నున్నని రోడ్డు మీద వేగం పెరిగే కొద్దీ గుయ్యిమని పెరుగుతుంది, గేరు మార్చినా క్లచ్చు తొక్కినా తగ్గదు. అరిగిన టైరు కూడా అలాగే మోగుతుంది గనుక, ఈ రెంటినీ విడదీయలేక కొత్త టైర్లు వేయించుకుని, మోత పోకపోతే తల పట్టుకునేవారు ఎక్కువ. రోడ్డు మారితే మారేది టైరు మోత: జాతీయ రహదారి తారు మీద ఒక తీరుగా, ఊరి సిమెంటు రోడ్డు మీద మరో తీరుగా వినిపిస్తుంది. బేరింగు మోతకు రోడ్డుతో నిమిత్తం లేదు; దానికి నిమిత్తం బరువుతోనే. బండి ఎడమకు తిరిగినప్పుడు బరువు కుడి చక్రం మీదికి ఒరుగుతుంది కాబట్టి, ఎడమ మలుపులో మోత హెచ్చితే కుడి బేరింగును, కుడి మలుపులో హెచ్చితే ఎడమ బేరింగును అనుమానించాలి. ముందు టైర్లను వెనక్కీ వెనక టైర్లను ముందుకూ మార్చి చూడడం ఖర్చు లేని మరో పరీక్ష. మోత వెనక్కు పోతే అది టైరుదే.

మలుపు తిరుగుతూ వేగం పెంచినప్పుడు మాత్రమే టకటక మోగేది ముందు చక్రాలను ఇంజను తిప్పే కార్లలోని సీవీ జాయింటు, అంటే చక్రం ఎటు తిరిగినా దానికి ఇంజను శక్తిని అందించే బంతుల కీలు; దాని రబ్బరు సంచి చిరిగి, గ్రీజు చక్రం లోపలి అంచు చుట్టూ చిమ్మిన చారగా కనబడుతుంది. బ్రేకును కాస్త ఆనించగానే ఆగిపోయే లొటలొట ప్యాడ్లదో కాలిపర్‌దో తప్ప సస్పెన్షన్‌ది కాదు. కంకర బాట దిగి వచ్చిన వెంటనే చెవులు చిల్లులు పడేలా గీరే శబ్దం మొదలైతే కంగారు పడనవసరం లేదు. బ్రేకు డిస్కుకూ దాని వెనక రేకుకూ నడుమ గులకరాయి ఇరుక్కుని ఉంటుంది, బండిని కొద్దిగా వెనక్కు నడిపితే చాలాసార్లు అదే రాలిపోతుంది. వీటన్నిటికంటే ముందు చూడవలసినవి చక్రం నట్లు. పంక్చరు వేయించుకున్న మరునాడు మొదలైన ఏ చప్పుడుకైనా మొదటి మందు వీల్ స్పానరే. నట్టు చుట్టూ తుప్పు చారలు దిగి ఉన్నాయంటే అది కొంతకాలంగా కదులుతూనే ఉన్నదన్నమాట.

వినడం అనుమానానికి దారి చూపుతుంది, రుజువు చేతులతో తేల్చుకోవలసిందే. రోడ్డు పక్క కానుగ చెట్టు నీడన, రేకుల షెడ్డు ముందు, అనుభవం ఉన్న మెకానిక్కు ఈ పనిని ఎలా చేస్తాడన్నది గమనించదగినది. వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, జాకీ మీద ముందు చక్రాన్ని నేల నుంచి బెత్తెడు లేపి, స్టాండు ఆసరా ఇచ్చిన తర్వాత, అతడు చక్రాన్ని గడియారం ముఖంగా ఊహించుకుంటాడు. ఒక చేయి పన్నెండు దగ్గర, ఒక చేయి ఆరు దగ్గర ఉంచి, పైచేత్తో నెట్టుతూ కిందిచేత్తో లాగుతాడు. ఆ తర్వాత చేతులను తొమ్మిదికీ మూడుకీ మార్చి అలాగే ఊపుతాడు. తొమ్మిది మూడులో మాత్రమే కదిలితే టై రాడ్ ఎండ్ లేదా స్టీరింగు కడ్డీల వదులు. పన్నెండు ఆరులో కదిలితే బాల్ జాయింటు, లారీలో అయితే కింగ్ పిన్, అంటే ముందు చక్రం పక్కలకు తిరగడానికి ఆధారమైన నిలువు కడ్డీ, కాకపోతే బేరింగు. అన్ని దిక్కులా కదిలితే బేరింగు మీదికే అనుమానం పోతుంది. మెకానిక్కులు ఈ వదులునే 'ప్లే' అంటారు. అసలైన నేర్పు ఆ తర్వాతి అడుగులో ఉంది: లోపల కూర్చున్న కుర్రవాణ్ణి బ్రేకు తొక్కి పట్టమని చెప్పి, చక్రాన్ని మళ్లీ పన్నెండు ఆరు పట్టి ఊపుతాడు. బ్రేకు పట్టినప్పుడు చక్రపు గుబ్బ, దాన్ని మోసే దిమ్మ ఒక్కటై బిగుసుకుంటాయి గనుక, వాటి నడుమ ఉన్న బేరింగు ప్లే కనబడకుండా పోతుంది. అప్పటికీ కదలిక మిగిలితే అది బాల్ జాయింటుదో కింగ్ పిన్‌దో. చివరగా చక్రాన్ని చేత్తో తిప్పుతూ, రెండో చేతి వేళ్లను స్ప్రింగు మీద ఆనించి ఉంచుతాడు. బేరింగులో గరుకు ఉంటే ఆ గరగర వేళ్లకు పాకుతుంది. ఇదంతా ఒక్కో చక్రానికి మూడు నాలుగు నిమిషాల పని.

జాకీ పెట్టే చోటు కూడా ఫలితాన్ని మార్చేస్తుందన్న సంగతి చాలామందికి తెలియదు. స్ప్రింగు కింది చేయి మీద కూర్చునే బండ్లలో చట్రం కింద జాకీ పెడితే, స్ప్రింగు ఆ చేతిని కిందికి నెట్టి బాల్ జాయింటును బిగించి ఉంచుతుంది, అరిగినది కూడా గట్టిగా ఉన్నట్టు నటిస్తుంది; అక్కడ జాకీని కింది చేయి కిందనే పెట్టాలి. మెక్‌ఫర్సన్ కంబం ఉన్న కార్లలో అందుకు విరుద్ధంగా చట్రం కింద పెట్టి చక్రాన్ని వేలాడనివ్వాలి. ఒకే కొలత అన్ని బండ్లకూ పనికిరాదనడానికి ఇది చాలు.

లారీల కమాన్ కట్టలు, అవి చట్రానికి వేలాడే షాకిల్ పిన్నులు, వాటి బుష్షులు అనంతపురం మెకానిక్కులకు కొట్టిన పిండి. పట్టీల నడుమ ఎండిపోయిన రాపిడి వల్ల వచ్చే కిర్రుకిర్రు చెవికి బాధే గాని ప్రాణానికి కాదు. కట్ట నడుమ ఉండే సెంటర్ బోల్టు తెగడం మాత్రం అలా కాదు, అది తెగితే యాక్సిలు ఒక పక్క వెనక్కు జరిగి, బండి రోడ్డు మీద వంకరగా నడుస్తుంది. కింగ్ పిన్నుకు గ్రీజు కొట్టేటప్పుడు చక్రాన్ని జాకీతో లేపి కొట్టాలి. నేల మీద ఉండగా కొడితే బరువు ఆనిన వైపుకు గ్రీజు చేరదు, అవతలి సందు నుంచి బయటికి వచ్చి అంతా నిండినట్టు భ్రమ కలిగిస్తుంది.

ఆటో గురించి ప్రత్యేకంగా చెప్పవలసింది ఉంది. దాని ముందు చక్రం, హ్యాండిలు ఒకే కాడ మీద తిరుగుతాయి. ఆ కాడ పైనా కిందా ఉండే బేరింగు జతను కోన్ సెట్ అంటారు. బండి నూటికి తొంభై పాళ్లు నేరుగానే సాగుతుంది కాబట్టి, గుంటల దెబ్బ ప్రతిసారీ అదే చోట పడి, గుండ్లు తమ దారిలో చిన్న గుంటలు చేసుకుంటాయి. అప్పుడు హ్యాండిలు మధ్యకు రాగానే గాడిలో పడినట్టు ఆగుతుంది, బ్రేకు వేసినప్పుడు చేతుల్లోకి కటకటమని కొడుతుంది. డ్రైవర్లు దీనికి నట్టును బిగించి తాత్కాలికంగా నోరు మూయిస్తారు. దానితో హ్యాండిలు బిర్రై, మలుపు తిప్పడం కష్టమై, మొదటి లోపం కంటే రెండోది ప్రమాదకరంగా తయారవుతుంది. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చే పద్ధతి ఇదే.

చప్పుడును తప్పుగా చదవడానికి రైతులూ డ్రైవర్లూ చెల్లించే మూల్యం తక్కువేమీ కాదు. లింక్ రాడ్ టకటకకు రెండు షాకులు మార్చడం, బాల్ జాయింటు వదులును సరిచేయకుండానే వీల్ అలైన్‌మెంట్ చేయించడం ప్రతి ఊళ్లోనూ జరిగేదే. వదులుగా ఉన్న కీలు మీద చేసిన అలైన్‌మెంట్ షెడ్డు దాటి మొదటి గుంటలో పడేదాకానే నిలుస్తుంది, ఆపై టైరు లోపలి అంచు పీచులు తేలేదాకా అరుగుతుంది. అయినా తప్పంతా మెకానిక్కు మీద వేయడం న్యాయం కాదు. ఎక్కువమంది చిన్నప్పుడే షెడ్డులో చేరి, చూసి నేర్చినవారే. చేతినేర్పు వారికి ఉంది, కారణం వివరించే చదువు అందలేదు.

యంత్రాలతో తనిఖీ చేసే ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లకు కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబరులో నిబంధనలు ప్రకటించింది. అక్కడ చక్రాల కింది పలకలను అటూ ఇటూ జరిపి కీళ్ల ప్లేను బయటపెట్టే పరికరం కూడా ఉంటుంది. అది స్వాగతించదగిన మార్పు. అయితే ఆ పలకలు చక్రాన్ని తిప్పవు గనుక బేరింగు గరగరను చూపలేవు, ఒక చక్రం మాత్రమే గుంటలో పడ్డప్పటి టకటకను వినిపించలేవు. 1960 సెప్టెంబరులో పాత బండ్లకు బ్రేకులు, దీపాలు, స్టీరింగు పరీక్షతో మొదలైన బ్రిటన్ వార్షిక తనిఖీలో, ఇన్నేళ్ల యంత్రాల తర్వాత కూడా, ముందు చక్రాన్ని లేపి చేత్తో ఊపి చూడడం కొనసాగుతూనే ఉంది. పాత బండి నడిపే డ్రైవరుకు రోజూ వినే చప్పుడు కొన్నాళ్లకు వినిపించడం మానేస్తుంది. అందుకే బయటి మనిషి చెవి కావాలి, ఆ చెవి తమ శాఖదైతే దానికి విలువ ఉంటుంది.

కాబట్టి ఈ లేఖ కోరేది ఇది. ఎఫ్‌సీ పరీక్షలో ముందు చక్రాలను జాకీతో లేపి, బ్రేకు తొక్కించీ తొక్కించకుండానూ ఊపి చూడడం విధిగా జరగాలి. పరీక్ష మైదానంలో ఎడమ చక్రానికి ఒకటి, కుడి చక్రానికి ఒకటి చొప్పున ఎడం ఎడంగా పది అడ్డుగట్లు వేసి, అద్దాలు దించి, నడక వేగంతో బండిని వాటి మీదుగా పోనిస్తే చాలు. రోడ్డు నిండా వేసే ఒకే గట్టు ఈ పనికి ఎందుకు చాలదో పైన వివరించడమైంది. పరీక్ష ఫలితం 'పాసు', 'ఫెయిలు' దగ్గర ఆగకుండా, ఏ పక్క ఏ కీలులో ప్లే మొదలైందో తెలుగులో ఒక చీటీ మీద రాసి డ్రైవరు చేతికి ఇస్తే, తర్వాతి పరీక్ష చేసే ఇన్‌స్పెక్టరుకు పోల్చి చూడడానికి ఆధారం దొరుకుతుంది, ఈలోగా మెకానిక్కుకు వెతుకులాట తప్పుతుంది. గార్లదిన్నెలో కేంద్ర వ్యవసాయ శాఖ ఆధ్వర్యంలో వ్యవసాయ యంత్రాలను పరీక్షిస్తూ శిక్షణ ఇస్తున్న సంస్థ ఉంది. ఐటీఐలలో మోటారు మెకానిక్ కోర్సు రెండేళ్లపాటు నడుస్తున్నది. ఆ సంస్థలను సంప్రదించి, రోడ్డు పక్క షెడ్డుల వారికి వారం రోజుల శిక్షణ ఏర్పాటు చేయించడం తమ హోదాకు కష్టమైన పని కాదు.

ఇవన్నీ ఒకేసారి కుదరకపోతే, వేసవి సెలవుల్లో పాఠశాలల బస్సులకు జరిగే ఎఫ్‌సీ పరీక్షలతో మొదలుపెట్టవచ్చు. జూన్‌లో బడులు తెరిచే ముందు ధర్మవరం, కదిరి, అనంతపురం మైదానాలకు వచ్చే బస్సుల్లో, మొదటి పదింటికి ముందు చక్రాలు లేపి ఊపి చూసి, ఎన్నింటిలో ప్లే దొరికిందో, ఒక్కో బస్సుకు ఎన్ని నిమిషాలు పట్టిందో రాయించి, ఆ కాగితాన్ని కార్యాలయం నోటీసు బోర్డు మీద అంటించవలసిందిగా మనవి.

ఇట్లు,
బత్తలపల్లె మండల వాహన వినియోగదారుల పక్షాన